కొరియా, బ్రెజిల్ ఆటగాళ్లిద్దరూ ఇష్టమైతే ఒలింపిక్స్‌ను ఎలా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: బ్యాడ్మింటన్‌లో ఆన్ సె యంగ్ వల్ల కొరియా వాళ్ల మీద, జిమ్నాస్టిక్స్‌లో రెబెకా ఆండ్రాడి వల్ల బ్రెజిల్ వాళ్ల మీద మీకు ఇష్టం కలిగింది. పారిస్ 2024లో ఇద్దరినీ వెంబడించబోయి సగం పోటీలు మిస్సయ్యారు. లాస్ ఏంజెలెస్ 2028కి ఆ తప్పు జరగకూడదు. ఇక చివర్లో అడిగారు, ఈ రెండు దేశాల వాళ్లూ ఎదురెదురు పడితే ఎవరి వైపు ఉండాలని.

ముందు సూటిగా జవాబు చెప్తాను. దేశాల లెక్కన చూడకండి, మనుషుల లెక్కన చూడండి. ఒక్కో దేశం నుంచి ముగ్గురు నలుగురిని ఎంచుకుని, ఒలింపిక్స్‌కి ఏడాదిన్నర ముందు నుంచే వాళ్ల వెంట ఉండండి. పతకాల పట్టికను పక్కన పెట్టండి. కొరియా వాళ్ల కోసం మొదటి వారం, బ్రెజిల్ వాళ్ల కోసం రెండు వారాలూ కేటాయించుకోండి. ఈ రెండు దేశాలూ తలపడే పోటీని మాత్రం ఏ పని ఉన్నా వదలకండి. అలాంటివి మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువే ఉంటాయి. ఎవరి వైపు ఉండాలన్నది చివర్లో చెప్తాను, దానికి నా కథ కొంచెం చెప్పాలి.

నేను బడిలో వాలీబాల్ ఆడినదాన్ని. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల వాలీబాల్ గ్రూప్ మ్యాచ్ ఒకటి టీవీలో చూశాను, కొరియా, బ్రెజిల్ మధ్య. బ్రెజిల్ అంటే బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన జట్టు. కొరియా వైపు కిమ్ యోన్ కూంగ్ అనే పొడుగాటి అమ్మాయి ఉంది. ఆ రోజు కొరియా 3-0తో గెలిచింది. నేను ఆమెకు అభిమానిని అయిపోయాను. ఓడిన బ్రెజిల్ దాదాపు ఇంటిదారి పట్టే స్థితికి వచ్చి, ఎలాగోలా గ్రూప్ దాటి, క్వార్టర్స్‌లో రష్యా మీద ఆరు మ్యాచ్ పాయింట్లు కాచుకుని, అక్కడి నుంచి నేరుగా స్వర్ణం దాకా వెళ్లింది. దాంతో వాళ్లకూ అభిమానిని అయ్యాను. కొరియాకు నాలుగో స్థానమే దక్కింది, అయినా టోర్నీ అత్యుత్తమ క్రీడాకారిణి అవార్డు కిమ్‌కే ఇచ్చారు. ఒక్క మ్యాచ్‌తో రెండు జట్లూ నావి అయిపోయాయి. మీ సంగతి కూడా ఇలాంటిదే అనిపించి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పతకాల పట్టిక ఎందుకు వద్దంటున్నానంటే

పారిస్‌లో కొరియాకు 13 స్వర్ణాలు, మొత్తం 32 పతకాలు, ఎనిమిదో స్థానం. బ్రెజిల్‌కు 3 స్వర్ణాలు, మొత్తం 20 పతకాలు, ఇరవయ్యో స్థానం. ఈ అంకెలు చూస్తే బ్రెజిల్ ఏదో వెనకబడిన జట్టులా కనిపిస్తుంది. కానీ ఆ పతకాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి.

కొరియా 13 స్వర్ణాల్లో పది విల్లు, తుపాకీ, కత్తి నుంచే వచ్చాయి: ఆర్చరీలో ఉన్న ఐదుకు ఐదూ, షూటింగ్‌లో మూడు, ఫెన్సింగ్‌లో రెండు. ఆగస్టు 4 నాటికి ఈ పదీ అయిపోయాయి. మిగిలినవి టైక్వాండోలో రెండు, ఆన్ సె యంగ్‌ది ఒకటి. అంటే రెండో వారంలో తీరిగ్గా కూర్చుని కొరియా వాళ్లను చూద్దామనుకున్నవాళ్లకు అసలు పండగ దాటిపోయినట్టే. మీకు జరిగింది ఇదే అనుకుంటున్నాను.

బ్రెజిల్‌ది వేరే దారి. ఇరవై పతకాలు పదకొండు ఆటల్లో వచ్చాయి. జూడో, జిమ్నాస్టిక్స్, సర్ఫింగ్, స్కేట్‌బోర్డింగ్, బాక్సింగ్, పడవ పోటీలు, నడక పోటీ, వాలీబాల్, ఫుట్‌బాల్... ఈ రోజు ఒకటి, ఎల్లుండి ఒకటి. సర్ఫింగ్ అయితే పారిస్‌లో కాదు, తాహితీ దీవిలోని తేహుపోలో జరిగింది. గాబ్రియేల్ మెదీనా అల మీంచి గాల్లోకి లేచి వేలు పైకెత్తి నిలబడినట్టున్న ఆ ఫొటో అక్కడిదే. ఇంకో మాట, ఆ మూడు స్వర్ణాలూ ఆడవాళ్లు గెలిచినవే: జూడోలో బియాత్రిజ్ సోజా, జిమ్నాస్టిక్స్‌లో రెబెకా, బీచ్ వాలీబాల్‌లో ఆనా పట్రీషియా, దూదా జోడీ.

కొరియా వాళ్లను ఎప్పటి నుంచి చూడాలి

కొరియా ఆర్చర్ల విషయంలో అసలు పోటీ ఒలింపిక్స్ కాదు, దేశంలో జరిగే సెలక్షన్. నెలల తరబడి రౌండ్ల మీద రౌండ్లు జరుగుతాయి. పాత పతకాలకు అక్కడ విలువ లేదు. టోక్యోలో మూడు స్వర్ణాలు గెలిచిన ఆన్ సాన్ పారిస్ జట్టులో చోటు సంపాదించలేకపోయింది! ఆమె బదులు వెళ్లిన ముగ్గురమ్మాయిలకూ అదే మొదటి ఒలింపిక్స్. వాళ్లు జట్టు స్వర్ణం గెలిచారు, ఫైనల్లో చైనా మీద షూట్‌ఆఫ్ (స్కోరు సమమైతే గెలుపు తేల్చే అదనపు బాణాలు) దాకా వెళ్లి మరీ. 1988 సియోల్‌లో ఈ పోటీ మొదలైనప్పటి నుంచి వరుసగా పదోసారి అది. వాళ్లలో ఒకరైన లిమ్ సి హ్యోన్ ర్యాంకింగ్ రౌండ్‌లోనే (ఎవరితో ఎవరు తలపడాలో తేల్చే మొదటి రౌండ్) 694 పాయింట్లతో ప్రపంచ రికార్డు కొట్టింది.

కాబట్టి ఒలింపిక్స్‌లో మీ అభిమాన కొరియా ఆర్చర్ ఉంటాడని ముందే నమ్మకం పెట్టుకోవద్దు. నేను ఆన్ సాన్ కోసం ఎదురుచూసి నిరాశపడ్డాను. ఒలింపిక్ ఏడాది వసంతకాలానికి జట్టు తేలుతుంది. అప్పుడు పేర్లు రాసుకోండి.

జించియోన్‌లోని జాతీయ శిక్షణ కేంద్రంలో వాళ్లు పారిస్‌లో ఆర్చరీ జరిగిన ఇన్వాలీడ్ మైదానాన్ని పోలిన వేదికనే కట్టుకుని సాధన చేశారు. ప్రేక్షకుల గోలకు అలవాటు పడాలని స్టేడియాల్లో హోరు మధ్య బాణాలు వేయిస్తారు. ఇవి తెలిసి చూస్తే, చివరి బాణానికి ముందు వాళ్ల ముఖంలో కనిపించే ఆ ప్రశాంతత వెనక ఎంత పని ఉందో అర్థమవుతుంది. మగవాళ్ల విషయంలో ఇంకో ఒత్తిడి కూడా ఉంది. ఒలింపిక్స్‌లో ఏ పతకం వచ్చినా, ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చినా నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయింపు దొరుకుతుంది. కాంస్య పోరులో ఒక కుర్రాడి చెయ్యి వణికితే, ఆ వణుకు పతకం కోసం మాత్రమే కాకపోవచ్చు.

మీ ఆన్ సె యంగ్ సంగతి. ఫైనల్లో ఆమె ఓడించిన హి బింగ్‌జియావో ఎవరో గుర్తుందా? ప్రీక్వార్టర్స్‌లో మన సింధును ఓడించిన చైనా అమ్మాయి. 21-13, 21-16తో ఆన్ గెలిచినప్పుడు నాకు కొంచెం ఊరట కలిగిన మాట నిజం. మహిళల సింగిల్స్‌లో కొరియాకు 1996 తర్వాత దక్కిన మొదటి స్వర్ణం అది. సింధుకు టోక్యోలో కాంస్యం తెచ్చిన కోచ్ పార్క్ తే సాంగ్ కూడా కొరియా వాడే కదా. హైదరాబాద్‌లో ఉంటూ మన అమ్మాయికి ఆట నేర్పిన మనిషి. కొరియా అంటే మనకు మరీ పరాయి ఊరేం కాదు. గెలిచిన రోజే ఆన్ తన గాయాన్ని అధికారులు పట్టించుకున్న తీరు మీద బాహాటంగా మాట్లాడింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో మోకాలు దెబ్బతిన్నా ఆడి గెలిచిన అమ్మాయి అది. నోరు విప్పే హక్కు ఆమెకు పూర్తిగా ఉందని నా అభిప్రాయం.

బ్రెజిల్ వాళ్లతో ఓపిక కావాలి

బ్రెజిల్ వాళ్ల దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెబెకాకు మూడుసార్లు మోకాలి లిగమెంట్ ఆపరేషన్ జరిగింది. మరొకరైతే ఎప్పుడో మానేసేవారు. ఆమె టోక్యోలో వాల్ట్ (పరిగెత్తుకొచ్చి బల్ల మీంచి ఎగిరే విభాగం) స్వర్ణం, ఆల్‌రౌండ్ (అన్ని విభాగాలూ కలిపి) రజతం తెచ్చింది. పారిస్‌లో ఇంకో నాలుగు. మొత్తం ఆరు, బ్రెజిల్ చరిత్రలో ఎవరికీ అన్ని లేవు. ఆగస్టు 5, మనకు సాయంత్రం ఆరు గంటల వేళ, ఫ్లోర్ (నేల మీద చేసే విన్యాసాలు) ఫైనల్. రెబెకాకు 14.166, అమెరికా అమ్మాయి సిమోన్ బైల్స్‌కు 14.133. తేడా ఒక్క చిన్న అడుగు తడబడినంత. పోడియం మీద బైల్స్, జోర్డన్ చైల్స్ ఇద్దరూ వంగి రెబెకాకు నమస్కరించిన దృశ్యం చూడకపోతే ఇప్పుడైనా వెతికి చూడండి.

బ్రెజిల్‌లో చాలామంది ఆటగాళ్లు ప్రభుత్వమిచ్చే నెలవారీ సాయం మీదో, క్లబ్బుల మీదో ఆధారపడి ఎదుగుతారు. బ్యాడ్మింటన్ అంటే మీకు ఇష్టం కాబట్టి ఒక పేరు చెప్తాను: ఇగోర్ కోయెల్యో. రియోలోని షక్రిన్యా అనే మురికివాడలో అతని తండ్రి పిల్లల కోసం బ్యాడ్మింటన్ కేంద్రం పెట్టాడు. కాళ్ల కదలిక నేర్పడానికి సాంబా అడుగులు వాడాడు! 2016 రియోలో బ్రెజిల్ తొలిసారి ఒలింపిక్ బ్యాడ్మింటన్ ఆడినప్పుడు అందులో ఇగోర్ ఉన్నాడు. అతని పోటీలు మొదటి రౌండ్లలోనే ముగిసిపోతాయి, అందుకే హైలైట్స్‌లో కనిపించవు. బ్రెజిల్ అభిమాని మొదటి రౌండ్లు చూడాలి. ఫైనల్స్ రోజున మాత్రమే టీవీ పెడితే వాళ్లలో సగం మంది ఉన్నారని కూడా తెలియదు.

ఇద్దరూ ఎదురుపడే రోజులు

ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. పారిస్‌లోనే నాలుగు చెప్తాను.

ఆగస్టు 2, జూడోలో బరువైన అమ్మాయిల విభాగం. క్వార్టర్స్‌లో బియాత్రిజ్ సోజా కొరియా అమ్మాయి కిమ్ హా యున్‌ను ఓడించింది. సోజా స్వర్ణం గెలిచింది. కిమ్ మళ్లీ పోరాడుతూ వచ్చి కాంస్యం అందుకుంది. ఒకే పోడియం మీద ఇద్దరూ.

టేబుల్ టెన్నిస్ పురుషుల సింగిల్స్ క్వార్టర్స్‌లో బ్రెజిల్‌కు చెందిన హ్యూగో కాల్డెరానో, కొరియా ఆటగాడు జాంగ్ వూ జిన్ మీద 4-0తో గెలిచాడు. మహిళల జట్ల పోటీలో దానికి కొరియా బదులు తీర్చుకుంది, 3-1తో. ఆ మ్యాచ్‌లో బ్రెజిల్ తరఫున బ్రూనా అలెషాండ్రి ఆడింది. ఆమెకు కుడిచెయ్యి లేదు. ఒలింపిక్స్‌లో, పారాలింపిక్స్‌లో రెండింటిలోనూ ఆడిన మొదటి బ్రెజిల్ క్రీడాకారిణి. బంతిని ర్యాకెట్ మీద పెట్టుకుని ఎగరేసి సర్వీస్ చేస్తుంది. ఆ రోజు నేను స్కోరు చూడటం మర్చిపోయాను.

నాలుగోది నేను కళ్లారా చూసింది. జర్మనీలో ఉంటున్న మా తమ్ముడు టికెట్లు సంపాదిస్తే ఆగస్టు 4 పొద్దున ఇన్వాలీడ్‌లో ఉన్నాను. పురుషుల ఆర్చరీ ప్రీక్వార్టర్స్: కొరియా నుంచి కిమ్ వూ జిన్, బ్రెజిల్ నుంచి మార్కస్ దాల్మెయిడా. మార్కస్ ప్రపంచ నంబర్ వన్ దాకా ఎదిగినవాడు. 2021లో అమెరికాలోని యాంక్టన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో కూడా వీళ్లిద్దరే, అక్కడా కిమ్‌దే గెలుపు. ఫైనల్లో పడాల్సిన జోడీ ఇక్కడ ప్రీక్వార్టర్స్‌లోనే పడింది. ర్యాంకింగ్ రౌండ్‌లో కిమ్ మొదటివాడు, మార్కస్ వెనకబడ్డాడు, డ్రా అలా కలిపింది. కిమ్ 7-1తో గెలిచాడు. స్కోరు చూసి ఏకపక్షం అనుకుంటారు. డెబ్భై మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వెడల్పు పన్నెండు సెంటీమీటర్లే. సెట్టుకు మూడు బాణాలు. ఒక్కటి గీత అవతల పడితే సెట్టు పోయినట్టే. అంత దూరాన అదేమీ మన కంటికి ఆనదు, పెద్ద తెర మీద చూసుకోవాలి. మా ముందు వరసలో పసుపు చొక్కాల వాళ్లు, పక్కన కొరియా జెండాలు. ఎవరూ ఎవరినీ వెక్కిరించలేదు. అదే రోజు ఫైనల్లో అమెరికాకు చెందిన బ్రాడీ ఎలిసన్ మీద కిమ్ షూట్‌ఆఫ్‌లో గెలిచాడు. ఇద్దరిదీ పదే, కిమ్ బాణం కేంద్రానికి 4.9 మిల్లీమీటర్లు దగ్గర. అది మాత్రం నేను మైదానం బయట ఫోన్‌లో చూశాను, మా టికెట్ పొద్దుటి సెషన్‌కే.

అదే మధ్యాహ్నం హ్యూగో కాంస్య పోరు కూడా. నేను మన దేశంలో డబ్బు కట్టిన యాప్ ఫ్రాన్స్‌లో తెరుచుకోలేదు. తమ్ముడి ఫోన్‌లో జర్మన్ వ్యాఖ్యానంతో చూశాం. ఫెలిక్స్ లెబ్రన్ చేతిలో 4-0తో ఓడిపోయాడు హ్యూగో. నాలుగో స్థానం. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. 2025లో అదే హ్యూగో మకావ్‌లో ప్రపంచ కప్ గెలిచాడు. అందుకే మనుషుల వెంట ఉండమంటున్నాను. ఒలింపిక్స్ అయిపోగానే ఆపేసి ఉంటే నా మనసులో ఆ 4-0 ఒక్కటే మిగిలేది.

మీరు విదేశం వెళ్లి చూసేట్టయితే, అక్కడ ప్రసారం ఏ చానల్‌లో వస్తుందో ముందే కనుక్కోండి.

పేర్ల గోల

మొదట్లో నన్ను బాగా తికమక పెట్టింది ఇదే. కొరియా వాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. బొమ్మదేవర ధీరజ్‌లో బొమ్మదేవర ఎలాగో, కిమ్ వూ జిన్‌లో కిమ్ అలాగ. కాబట్టి "కిమ్ గెలిచాడు" అనే వార్తతో మీకు ఏమీ తెలియదు, రెండో భాగం గుర్తుపెట్టుకోండి. కిమ్ వూ జిన్ ఆర్చర్, జాంగ్ వూ జిన్ టేబుల్ టెన్నిస్.

బ్రెజిల్ వాళ్లకు అధికారిక పేరు ఒకటి, అందరూ పిలిచేది మరొకటి. టైక్వాండోలో కాంస్యం గెలిచిన ఎడివల్ పొంటెస్‌ను అక్కడ అందరూ నెటిన్యో అంటారు. బియాత్రిజ్‌ను బియా అంటారు. పైగా పలకడంలో మొదటి 'ర' వాళ్లకు 'హ' అవుతుంది: రెబెకా కాదు, హెబెకా. హ్యూగోలో 'హ' పలకరు, ఊగో. బ్రెజిల్ వ్యాఖ్యానం వింటూ మీ అమ్మాయి పేరు వినపడలేదని కంగారుపడకండి.

సమయాలు, 2028 ప్రణాళిక

లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 2028 జూలై 14 నుంచి 30 వరకు. అక్కడి సమయం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అక్కడ పొద్దున తొమ్మిదంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ రాత్రి ఏడంటే మనకు మర్నాడు ఉదయం ఏడున్నర. తేదీల దగ్గర జాగ్రత్త, సాయంత్రం ఫైనల్స్ అన్నీ మన క్యాలెండర్‌లో మరుసటి రోజున పడతాయి. ఈసారి అథ్లెటిక్స్ మొదటి వారంలోకి, ఈత రెండో వారంలోకి మారాయి. కాబట్టి హర్డిల్స్‌లో అలిసన్ దోస్ సాంటోస్ లాంటి బ్రెజిల్ వాళ్లు కూడా మొదటి వారంలోనే పరిగెత్తవచ్చు. మొదటి వారం నిద్ర తగ్గించుకోవాల్సిందే.

అంతకుముందు 2026 సెప్టెంబర్ 19 నుంచి జపాన్‌లో ఐచి-నగోయా ఆసియా క్రీడలు. బ్రెజిల్ అక్కడ ఉండదు కానీ కొరియా వాళ్లలో ఎవరు పైకొస్తున్నారో తెలిసేది అక్కడే. అక్కడి సమయం మనకంటే మూడున్నర గంటలు ముందు, పొద్దున కాఫీతో చూడొచ్చు. బ్రెజిల్ వాళ్ల కోసం 2027లో లీమాలో పాన్ అమెరికన్ క్రీడలు. మధ్యలో ఆయా ఆటల ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో ఇద్దరూ దొరుకుతారు. నేను ఒక నోట్‌బుక్‌లో మనిషికో పేజీ పెట్టుకుని, ఆడిన ప్రతి పెద్ద పోటీ ఒక వరుసలో రాస్తాను. యాప్‌ల అలర్ట్‌ల కంటే అది నాకు బాగా పనికొచ్చింది.

2028లో ఇంకో కొత్త సంగతి: ఆర్చరీలో కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) మిశ్రమ జట్ల పోటీ చేర్చారు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఆడే విభాగం. అక్కడ కొరియా వస్తే ఏం చేయాలో నాకు సందేహం లేదు. పారిస్‌లోనూ అంతే. మిశ్రమ జట్ల సెమీస్‌లో ధీరజ్, అంకిత ఆడింది కిమ్ వూ జిన్, లిమ్ సి హ్యోన్‌లతో. 2-6తో మనవాళ్లు ఓడితే బాధపడ్డాను. షూటింగ్ కాంస్య పోరులో మనూ భాకర్, సరబ్‌జోత్ 16-10తో కొరియా జోడీని ఓడిస్తే ఎగిరి గంతేశాను. అక్కడ అభిమానం ఒక మెట్టు కిందికి దిగుతుంది, దిగాలి.

ఇక ఎవరి వైపు ఉండాలన్నది

2021 ఆగస్టు, టోక్యో. మహిళల వాలీబాల్ సెమీస్, మళ్లీ కొరియా, బ్రెజిల్. కిమ్ యోన్ కూంగ్‌కు అదే ఆఖరి ఒలింపిక్స్ అని అందరికీ తెలుసు. నేను తొమ్మిదేళ్ల క్రితం మొదలుపెట్టింది ఈ రెండు జట్లతోనే. మ్యాచ్‌కు ముందు మా తమ్ముడు ఫోన్ చేసి ఇదే అడిగాడు, అక్కా నువ్వు ఎవరి వైపు అని. తెలియదన్నాను. మొదటి సెట్ సగంలో కిమ్ బంతిని బలంగా కొట్టినా బ్రెజిల్ అమ్మాయిలు నేలమీద దొర్లి లేపినప్పుడు నేను చప్పట్లు కొట్టింది ఆ లేపినవాళ్లకు. తర్వాతి పాయింట్‌కు కిమ్ కోసం అరిచాను. బ్రెజిల్ 3-0తో గెలిచింది. తర్వాత కొరియా కాంస్యం కూడా సెర్బియాకు పోగొట్టుకుంది.

మీరూ ముందే నిర్ణయించుకోకండి. మ్యాచ్ మొదలయ్యాక మీ చేతులు ఎవరి పాయింట్‌కు చప్పట్లు కొడతాయో చూడండి. పాయింటు పాయింటుకీ అది మారినా ఏం ఫర్వాలేదు. టోక్యో వాల్ట్ పోడియం వీడియో కూడా ఒకసారి చూడండి. రెబెకా స్వర్ణంతో, కొరియా అమ్మాయి యో సో జాంగ్ కాంస్యంతో. యో తండ్రి 1996 అట్లాంటాలో ఇదే వాల్ట్‌లో రజతం గెలిచాడు. టోక్యోలో ఆయన టీవీ వ్యాఖ్యాతగా కూర్చుని కూతురి పతకం చూశాడు. ఆ పోడియంలో మీ ఇష్టాలు రెండూ ఉన్నాయి.

మీరు ఎంచుకున్న పేర్లు కింద రాయండి. వాళ్ల పోటీలు ఏ రోజుల్లో, మన సమయంలో ఎన్ని గంటలకు పడతాయో షెడ్యూల్ చూసి చెప్తాను.